ఒక మనిషికి రెండు జ్వరాలు

ఆ రోజుల్లో నేను అనంతపురంలో, ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఒక ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేసేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నా దగ్గరికి వచ్చేవన్నీ తామరలు, గజ్జి, ఎండకు కమిలిన ముఖాలు, శనక్కాయ చేనికి మందు కొట్టినప్పుడు చేతులకు లేచిన దద్దుర్లు. ప్రాణం మీదికి వచ్చే జబ్బు నా గది గుమ్మం తొక్కడం అరుదు. చర్మం డాక్టరు చేతిలో ఎవరూ చావరని నాతో చదివినవాళ్లు ఆటపట్టించేవాళ్లు. నేను ఆ చదువు ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణమేనని వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్లిద్దరూ వచ్చింది శ్రావణమాసంలో. వాన రావలసిన నెల. గాలి మాత్రం వచ్చింది. కిటికీ రెక్కలు టపటప కొట్టుకుంటుంటే, టేబుల్ మీద చీటీలు ఎగిరిపోకుండా నేను స్టెతస్కోపు బరువు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ గాలిలో, తలకు తుండు చుట్టుకున్న పొడుగాటి మనిషి ఒకడు ఒక ఆడమనిషిని వీపు మీద మోసుకుని లోపలికి వచ్చాడు. బెంచీ మీద ఆమెను దించి, తల గోడకు కొట్టుకోకుండా మధ్యలో తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

జనరల్ వార్డు చూసే పెద్ద డాక్టరు గారు పంపిన చీటీ అతని చేతిలో ఉంది. జ్వరం, ఒంటి మీద మచ్చలు, తట్టు అనుకోవాలా, మందు పడలేదనుకోవాలా చూడమని రాశారు.

"ఎప్పటినుంచి జ్వరం?" అని అడిగాను.

"పోయిన సంత నాడు పట్టుకునిందమ్మా. మాది కంబదూరు దగ్గర పల్లె. ఊర్లో సూది ఏయించినా, తగ్గలేదు. మళ్లా ఒంటి మీద ఇట్ల లేసినాయి. మా అక్క చూసి అమ్మవారు అనింది. యాపాకు పరిచి పండబెట్టినాం. నిన్నటినుంచి మాట గూడా సరిగా ల్యా. అందుకని ఎత్తుకొచ్చినా."

"ఈమె నీకేమవుతుంది?"

"నా పెండ్లామమ్మా. మా అక్క కూతురే."

ఆమె కళ్లు తెరవకుండానే, "మామా, నీళ్లు," అంది. అతను నా వైపు చూశాడు, ఇవ్వొచ్చా అన్నట్టు. ఇమ్మన్నాను. తాగించి, గడ్డం మీద జారిన నీళ్లు తుండుతో తుడిచాడు.

ఆమెకు పాతికేళ్లు ఉండవు. అతనికి నలభై దగ్గర. గొర్రెల కాపర్లు. ఆమె పుట్టినప్పటినుంచీ తెలిసిన మేనమామ, పెద్దయ్యాక మొగుడయ్యాడు. మా వైపు అది మామూలే.

తట్టయితే దగ్గు, పడిశం ఉండాలి. అవి లేవు. మందు పడక వచ్చే దద్దుర్లు మామూలుగా పొట్ట మీద, వీపు మీద మొదలై చేతులకు పాకుతాయి. ఈమెకు మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర మచ్చలు చిక్కగా ఉన్నాయి, పొట్ట మీద పలుచగా ఉన్నాయి. చేతులనుంచి లోపలికి పాకినట్టు. పిడికిళ్లు బిగించి పెట్టుకుని ఉంది. ఒక్కొక్క వేలే విప్పి చూశాను. అరచేతుల నిండా ఎర్రటి మచ్చలు. అరికాళ్లలోనూ. ఒక మచ్చ మీద వేలితో నొక్కి తీశాను. రంగు పోలేదు. చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి నెత్తురు ఊరుతోందన్నమాట.

"మీ గొర్రెలకు పిడుదులున్నాయా?" అన్నాను.

అంత ఆందోళనలోనూ అతనికి నవ్వొచ్చింది. "పిడుదుల్లేని గొర్రె యాడుంటాదమ్మా? కుక్కకు గూడా ఉండాయి."

"ఈమెకు ఎప్పుడైనా పట్టిందా?"

ఆమె తల వైపు చూశాడు. "చెవి ఎనకాల ఒగటి పట్టుకునింటే నేనే పీకి పారేస్తి. పది పదైదు దినాలాయె."

జడ పక్కకు తీసి చూశాను. కుడిచెవి వెనక, వెంట్రుకల మొదట్లో, కందిబేడంత నల్లటి పక్కు. నొప్పి లేదు, దురద లేదు. అది అక్కడ ఉందని ఆమెకే తెలియదు.

ఆ పక్కు చూశాక నాకు అనుమానం లేకపోయింది. పిడుదు కుట్టినచోట అది అలా మాడినట్టు నల్లబడుతుంది. అందరికీ కనబడదు. వెతికితే కొందరికి దొరుకుతుంది. పెద్ద డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తినట్టే వెళ్లాను. ఆయన వచ్చి, వంగి, ఆ పక్కును, అరచేతులను చూసి, నన్ను చూసి తల ఊపారు.

"రక్తం బెంగళూరు పంపుదామా సార్?"

"పంపు. కానీ దానికోసం ఆగొద్దు. మొదటి వారంలో అది ఉన్నా చాలాసార్లు లేదనే వస్తుంది. మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టు. మలేరియాకు కూడా చూడు."

మలేరియా లేదని వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాం. మందుల షాపుల్లో ఏ మూలనైనా దొరికే మామూలు మాత్రలే అవి. ఆ జ్వరానికి అవే మందు, వేళకు పడితే చాలు. మర్నాడు సాయంత్రానికి జ్వరం దిగడం మొదలైంది. ఆ తర్వాతి రోజు పొద్దున నేను వార్డుకు వెళ్లేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుని మొగుడిని తిడుతోంది.

"ఉగ్గాని తెమ్మంటే ఇంతే తెస్తావా? నేనేమన్నా పిట్టనా?"

"నిన్నటిదాకా నీళ్లు గూడా మింగలేకపోతివే," అంటున్నాడతను.

"నిన్న నిన్నే. ఈ పొద్దు ఈ పొద్దే."

నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. అతను మాత్రం, "చూడమ్మా, నోరు వచ్చింది, ఇంగ బతికినట్టే," అన్నాడు.

ఆ రెండు రోజులూ నేను అవసరం లేకపోయినా ఆ మంచం దగ్గరికి వెళ్లేదాన్ని. నా భర్త అప్పుడు ఉద్యోగం మీద ఇంకో ఊళ్లో ఉండేవాడు. నేనొక మేడ మీది వాటాలో ఒంటరిగా ఉండేదాన్ని. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి ఒక్కదాన్నే తినడంకంటే, వాళ్లిద్దరి కీచులాట వినడం బాగుండేది. అతను మంచం కింద నేల మీద, మడిచిన కంబళి మీద కూర్చుని ఆమె తల దువ్వేవాడు. ఆసుపత్రిలో మగవాడు పెళ్లాం తల దువ్వడం పక్క మంచాలవాళ్లకు వింత. ఒకామె అనేసింది కూడా. దానికి అతను, "ఇది చిన్నబిడ్డప్పటినుంచి నేనే దువ్వుతాండా. గొర్లెనక పోయేటప్పుడు బుజాలమీద కూసోబెట్టుకుంటే నా జుట్టు పీకుతాండె. ఇప్పుడు నా వంతు," అన్నాడు.

ఆమె చెప్పింది, పెళ్లయ్యాక కూడా తను ఇంట్లో ఉండలేదని. మంద ఎక్కడికి పోతే అక్కడికి ఇద్దరూ పోయేవాళ్లు. గుట్టల మీద వంట, గుట్టల మీద నిద్ర. పిల్లలు నిలవలేదు. రెండుసార్లు కడుపు వచ్చి పోయిందట. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో బాధ పెద్దగా లేదు, పక్కన అతను ఉన్నాడు కాబట్టేమో.

"నీకేమీ లేదు కదా? జ్వరం, తలనొప్పి?" అని అతన్ని అడిగాను ఒకసారి. పిడుదు ఒకరిని కుట్టినచోట ఇంకొకరినీ కుట్టవచ్చు.

"నాకేమైతాదమ్మా," అన్నాడు. నవ్వాడు. గాలి చల్లగా ఉంది కాబట్టి నిండు చేతుల చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున వార్డు బయట కొళాయి దగ్గర అతను పడిపోయాడు. నీళ్ల చెంబు దొర్లుకుంటూ మెట్ల మీదికి వెళ్లిన చప్పుడుకు నర్సమ్మ బయటికి వచ్చిందట. ఆమె అరిచిన అరుపుకు నేను నా గదిలోంచి వచ్చాను. ఒళ్లు కాలిపోతోంది. చొక్కా చేతులు పైకి తోసి చూశాం. మణికట్లనుంచి మోచేతుల దాకా అవే మచ్చలు. అరచేతులు విప్పి చూశాను. అవే.

మగవాళ్ల వార్డులో మంచం ఎక్కించాక కాస్త తెలివి వచ్చింది. "ఎందుకు చెప్పలేదు?" అన్నాను. కోపంగానే అన్నాను.

"నేను మంచమెక్కితే దాన్నెవరు చూస్తారమ్మా," అన్నాడు. "దానికి తగ్గినాక చెప్తామనుకుంటి."

జ్వరం అతనికి ఎన్నాళ్లనుంచి ఉందో మాకు తెలియదు. అయినా మాకు భయం వేయలేదు. జబ్బు తెలుసు. మందు తెలుసు. కళ్లముందే ఆ మందుతో ఒక మనిషి లేచి కూర్చుని ఉగ్గాని తింటోంది. మలేరియా పరీక్షకు రక్తం తీశాం, లేదని వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాం. నేను ఆడవాళ్ల వార్డుకు వెళ్లి ఆమెకు చెప్పాను, నీకు వచ్చిందే మీ ఆయనకూ వచ్చింది, రెండు రోజుల్లో దిగుతుంది అని.

ఆమె కూడా భయపడలేదు. "నా జరం నేనే ఇస్తినేమో," అని కాస్త నవ్వింది. ఒకరినుంచి ఒకరికి రాదని, కుట్టింది పిడుదని చెప్పాను.

జ్వరం దిగలేదు. మర్నాటికి ఇంకా పెరిగింది. కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం కాఫీ రంగులోకి మారింది. పిడుదు జ్వరం ముదిరినా ఇలా జరగవచ్చు, ఆలస్యంగా మందు పడినవాళ్లకు ఇలా అవుతుంది. పెద్ద డాక్టరు గారు మాత్రం ఊరుకోలేదు. "మందు పడింది, రావలసిన మార్పు రాలేదు. ఇంకేదో ఉంది," అన్నారు. అతన్ని అడిగి ప్రయోజనం లేదు. మాటలు తడబడుతున్నాయి. ఎక్కడున్నాడో తెలియడం లేదు.

నేను మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఈమధ్య మీరిద్దరూ కలిసే ఉన్నారా? ఆయన ఒక్కడే ఎక్కడికైనా వెళ్లాడా?"

"ఎండాకాలమంతా కాలవ కిందనే ఉండె గదమ్మా. ఈడ మేత ల్యా. మంద తోలుకోని ఆ పక్కకు పోయె. నాకు కడుపు నిలబడిందని నన్ను మా అమ్మకాడ ఇడిసిపెట్టె. అదీ నిలబడలేదు." దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది. "వచ్చి నెల గూడా కాలేదు. ఆడ అందరికీ చలిజరం వస్తాండాదని చెప్పినాడు. ఏమ్మా?"

కాలువ కింద వరి మళ్లు, నిలవ నీళ్లు, దోమలు. మా గుట్టల మీద లేనివన్నీ అక్కడ ఉంటాయి.

మగవాళ్ల వార్డులో అతని చొక్కా తీసి గోడకు తగిలించి ఉంది. నర్సమ్మ జేబు చూసింది. బీడీల కట్టతోపాటు సగం వాడిన మలేరియా మాత్రల అట్ట. జ్వరం దాచిపెట్టుకుని, తనే బయట షాపులో కొనుక్కుని, కొన్ని మింగాడు. ఆ కాస్త మందుకు రక్తంలో మలేరియా పురుగు తగ్గిపోయి, మొదటి పరీక్షకు దొరకలేదు. మళ్లీ రక్తం తీశాం. ఈసారి ఉంది. మెదడుకు ఎక్కే రకం.

రెండు జబ్బులు. పిడుదు ఇచ్చింది ఒకటి, దోమ ఇచ్చింది ఒకటి. ఒంటి మీది మచ్చలు ఒకదాన్ని చూపించాయి. రెండోదానికి చర్మం మీద ఏ గుర్తూ ఉండదు. చర్మం చదివిన నేను ఆ అరచేతులను ఎంత చూసినా అది నాకు కనబడేది కాదు.

వెంటనే క్వినైన్ ఎక్కించారు. పెద్ద ఊరికి పంపుదామా అని సార్‌ను అడిగాను. దారిలోనే పోతాడమ్మా అన్నారు, గొంతు తగ్గించి. అతని అన్నను పిలిపించమని ఊరికి కబురు పంపాం.

ఆ మధ్యాహ్నం అతనికి పూర్తిగా మతి తప్పింది. మంచం మీద లేవబోతూ, నాలుక మడిచి, గొర్రెలను అదిలించే శబ్దం చేయడం మొదలుపెట్టాడు. ట్ర్‌ర్‌ర్‌... హెయ్... హెయ్. బతుకంతా బయళ్లలో తిరిగిన మనిషి గొంతు అది. గోడలు ఆపలేదు. మధ్యలో వరండా దాటి ఆడవాళ్ల వార్డు దాకా వెళ్లింది.

ఆమె వచ్చింది. ఇంకా కాళ్లలో బలం లేదు. గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చింది. ఎవరూ ఆపలేదు. వార్డులో ఉన్న మగవాళ్లంతా తలలు తిప్పుకున్నారు. ఆమె నాతో, "మంద తోలుతాండాడమ్మా," అంది. నాకు తెలియదనుకుని చెప్పినట్టు చెప్పింది. తర్వాత మంచం అంచున కూర్చుని, అతని చెయ్యి తన ఒడిలో పెట్టుకుంది.

"మామా. గొర్లన్నీ దొడ్లో ఉండాయి. నేను తోలినా. కుక్క గూడా ఈడనే ఉండాది. ఇంగ పండుకో."

అతను ఆగాడు. ఆ మాటకే ఆగాడని నా నమ్మకం. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ఆ శబ్దం చేసినప్పుడల్లా ఆమె అదే చెప్పింది. ఒక్కొక్కసారి ఒక్కొక్క గొర్రె పేరు పెట్టి చెప్పింది. నల్లచెవుల్ది వచ్చింది మామా. కుంటిది వచ్చింది. మొన్న ఈనింది గూడా పిల్లతో వచ్చింది. మంద అంతా చేరేదాకా లెక్క తప్పకుండా చెబుతూ కూర్చుంది. సెలైన్ సీసా మార్చడానికి వచ్చిన నర్సమ్మ మార్చాక కూడా అక్కడే నిలబడిపోయింది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాను. బయట గాలికి దుమ్ము లేస్తోంది. అంతకు మించి చూడడానికేమీ లేదు.

మరుసటి రోజు అతని అన్న, వాళ్లక్క వచ్చారు. అక్క అంటే ఆమె తల్లి. ఒకామెకు అటు తమ్ముడు, ఇటు కూతురు. ఆ తల్లి ఎవరి మంచం దగ్గర కూర్చోవాలో తెలియక వరండాలోనే కూర్చుంది. టవల్‌లో సంగటి ముద్దలు మూటకట్టుకుని తెచ్చింది. కూతురిని బలవంతంగా వరండాలోకి పిలిచి, తినకపోతే నువ్వు గూడా పడిపోతావే అని ముద్ద చేతిలో పెట్టింది.

ఆమె ఆ ముద్ద పట్టుకుని కూర్చుని ఉన్నప్పుడే లోపల అతని ఊపిరి ఆగింది. సార్ గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కారు. చాలాసేపు నొక్కారు. ఆయన అరవై దాటిన మనిషి. చెమటలు కారుతున్నా ఆపలేదు. చివరికి చేతులు తీసి, నా వైపు చూసి, "నువ్వు చెప్పమ్మా. నీతో చనువుంది," అన్నారు.

నేను అంతకుముందు ఎవరికీ అలాంటి మాట చెప్పలేదు. ఎలా చెప్పాలో నేర్చుకోలేదు. వరండాలోకి వెళ్లి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. అలా కూర్చోవడం చూసే ఆమెకు తెలిసిపోయింది. తల్లి గుండెలు బాదుకుని లోపలికి పరుగెత్తింది. ఆమె కదలలేదు. సంగటి ముద్ద చేతిలోనే ఉంది.

"నాకు తగ్గింది గదమ్మా," అంది.

"అవును."

"ఆయప్పకు గూడా అదే మాత్ర ఇస్తిరి గదా."

"ఇచ్చామమ్మా. ఆయనకు రెండు జబ్బులు వచ్చాయి. నీకు వచ్చింది ఒకటే. కాలువ దగ్గర ఇంకో జ్వరం పట్టుకుంది. రెండూ కలిసి..."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఒక మనిషికి రెండేంటికమ్మా? ఒగటి నాకిచ్చి ఒగటి ఆయప్పకిచ్చింటే సరిపోయేది గదా. ఇద్దరం బతుకుతాంటిమి."

ఆమె చేతిలోంచి ఆ ముద్ద తీసి పక్కన పెట్టి, చెయ్యి తుడిచాను. అరచేతిలో మచ్చలు వెలిసిపోతున్నాయి. జబ్బు తగ్గుతున్న గుర్తు అది. నాకు దాన్ని చూడాలనిపించలేదు.

సాయంత్రం ఒక టెంపో తెచ్చి అతన్ని తీసుకుపోయారు. మడిచిన కంబళి తల కింద పెట్టారు. ఆమెను ఇంకో రెండు రోజులు ఉంచి పంపాలి, మందు పూర్తి కాలేదు. ఉండనంది. మాత్రలు తల్లి చేతిలో పెట్టి, ఏడుస్తున్నా సరే మింగించాలని నేను మళ్లీ మళ్లీ చెప్పాను. టెంపో వెనక ఆమె అతని కాళ్ల దగ్గర కూర్చుంది. కదిలేటప్పుడు నా వైపు చూడలేదు.

బెంగళూరు నుంచి ఆమె రక్తం రిపోర్టు తర్వాత ఎప్పుడో వచ్చింది. పిడుదు జ్వరమేనని అందులో ఉంది. సార్ చూసి పక్కన పెట్టారు.

ఆ జ్వరం ఊళ్లో ఇంకెవరికైనా ఉందేమో చూడాలని కొన్ని వారాలకు ఆసుపత్రి జీపులో ఆ పల్లెకు వెళ్లాం. ఎండిన శనక్కాయ చేలు, రాళ్ల గుట్టలు, వాటి మధ్య ఒక వంద గడప. నేను పిల్లల చేతులూ పాదాలూ చూశాను. చెవుల వెనక, చంకల్లో, నడుం దగ్గర వెతికాను. ఇద్దరు పిల్లలకు జ్వరం మొదలై ఉంది. ఒకరికి మచ్చలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఇద్దరికీ రెండు జబ్బులకూ చూడడానికి రక్తం తీసుకున్నాం, మాత్రలు అక్కడే ఇచ్చాం. ఇద్దరూ బతికారు.

ఆమె ఇంటి లోపల, వెలుతురు తక్కువున్న మూల కూర్చుని ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశాను. ఎరుపు పోయి, లేత గోధుమ రంగు మరకలు మిగిలాయి.

"ఇవి పోతాయా అమ్మా?"

నన్ను రోజూ అందరూ అడిగే ప్రశ్నే. నేను రోజూ చెప్పే జవాబే చెప్పాను. "పోతాయి. ఇంకో నెలకు కనబడవు."

"పోకుంటే బాగుండు," అంది. "ఆయప్ప చేతులకు గూడా ఇట్లనే ఉండె గదా."

మచ్చలు పోవద్దని నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఇంటికి వెళ్లి, నా భర్తకు ఫోన్ చేశాను. ఏమైంది అని అడిగాడు. ఏమీ లేదు, నీ గొంతు వినాలనిపించింది అన్నాను. ఆ తర్వాతి సంవత్సరం అతను ఎలాగో తంటాలు పడి అనంతపురానికి బదిలీ చేయించుకున్నాడు. అందుకు నేను ఎంత పోరు పెట్టానో, ఎందుకు పెట్టానో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

ఆ తర్వాత జ్వరంతో, ఒంటి మీద మచ్చలతో ఎవరు వచ్చినా నేను అరచేతులు చూశాను, జడలు విప్పి వెతికాను. నల్లపక్కు దొరికినప్పుడు సంతోషించడం మానేశాను. పక్కు దొరికినా, మాత్రలు మొదలుపెట్టినా, ఈమధ్య ఎక్కడెక్కడ తిరిగావు, ఎక్కడ పడుకున్నావు, మింగిన మాత్రలేవి అని అడిగేదాన్ని. ఒకటి తేలాక రెండోదానికి రక్తం ఎందుకని కొత్తగా వచ్చిన డాక్టర్లు అడిగేవాళ్లు. చూడండి అనేదాన్ని. చాలామందికి రెండోది ఉండేది కాదు. ఎప్పుడో ఒకరికి ఉండేది.

ఆమె మళ్లీ నా దగ్గరికి వచ్చింది నాలుగైదేళ్ల తర్వాత. తలుపు దగ్గర నిలబడితే మొదట గుర్తుపట్టలేదు. మనిషి నల్లబడింది, ఎండింది. మంద అతని అన్న చేతికి పోయిందట. తనకు కొన్ని గొర్రెలు మిగిల్చారు. వాటితో ఒక్కతే గుట్టకు పోతోంది.

"రెండు రోజుల్నుంచి జరమమ్మా," అంది.

చేతులు చూశాను. పాదాలు చూశాను. జుట్టంతా విప్పి, చెవుల వెనక, మెడ మీద, వీపు మీద వెతికాను. పొట్ట నొక్కి చూశాను. కళ్ల రెప్పలు లాగి చూశాను. రక్తం తీయించి, రిపోర్టు వచ్చేదాకా ఆమెను నా గదిలోనే కూర్చోబెట్టాను. బయట ఓపీలో జనం ఉన్నా సరే. ఏమీ లేదు. మలేరియా లేదు, పిడుదు కుట్టిన గుర్తు లేదు. గొంతు కాస్త ఎర్రగా ఉంది, అంతే. మామూలు పడిశం.

"ఏమీ లేదమ్మా!" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినబడింది. "మామూలు జ్వరం. రెండు రోజుల్లో పోతుంది."

ఆమె తల వంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆసుపత్రిలో అతను పోయిన రోజు కూడా నా ముందు ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.

"నాకేంటికమ్మా ఏమీ రాదు?" అంది. "ఆయప్పతో గుట్టలన్నీ తిరిగితిని. ఆ పిడుదులే నన్నూ కరిసె. ఇప్పుడు గూడా ఆ గుట్టల్లోనే పండుకుంటాండా. ఆయప్పను ఒక్కన్ని కాలవకు పంపకుంటే... నేను గూడా పోయింటే... నాకేంటికి ఏమీ రాదు?"

నేను లేచి తలుపు మూశాను. ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఏదో ఒకటి చెప్పాలి. కడుపుతో ఉన్నావు కదా, నిన్ను తీసుకెళ్లకపోవడం ఆయన నిర్ణయం కదా, నీ తప్పేముంది అని చెప్పవచ్చు. అవన్నీ ఆమెకు తెలుసు. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. బయట ఎవరో తలుపు తట్టారు. ఆగమన్నాను. మళ్లీ తట్టారు. మళ్లీ ఆగమన్నాను.

చాలాసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది. "బస్సు పోతాది," అంది. "గొర్లను పక్కింటోళ్లకు ఒప్పజెప్పి వచ్చినా. పొద్దుగూకేలోపల పోవాల."

పడిశానికి మాత్రలు ఇచ్చాను. వేడినీళ్లు తాగమన్నాను. ఇంకేమైనా ఉంటే వెంటనే రమ్మన్నాను. వస్తానంది. గేటు దాకా ఆమెతో నడిచాను. వాళ్ల ఊరి వైపు పోయే కళ్యాణదుర్గం బస్సు నిండుగా వచ్చింది. ఆమె కొంగు నడుముకు దోపుకుని, అందరినీ తోసుకుని లోపలికి ఎక్కి, కిటికీ పక్కన నిలబడింది. బస్సు కదిలేదాకా నేను అక్కడే ఉన్నాను. తర్వాత లోపలికి వచ్చి, తలుపు తెరిచి, బయట ఎదురుచూస్తున్న మనిషిని రమ్మన్నాను.